రాబర్ట్ స్మాల్స్: గెలిచిన ఓటు, పోయిన రక్షణ

1876 నవంబర్‌లో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో జరిగిన అధ్యక్ష ఎన్నికను రెండు పార్టీల లెక్కల తగాదాగా చెప్పడం మామూలే. రాబర్ట్ స్మాల్స్ జీవితం వైపు నుంచి చూస్తే మనకు అసలు సంగతి తెలుస్తుంది.

స్మాల్స్ 1839లో బ్యూఫోర్ట్ పట్టణంలో, యజమాని ఇంటి వెనక గుడిసెలో బానిసగా పుట్టారు. పన్నెండేళ్లకే ఆయన్ని చార్ల్‌స్టన్‌లో కూలికి పెట్టారు. ఓడరేవులో ఓడ నడపడం నేర్చుకున్నారు. అంతర్యుద్ధ కాలంలో, 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఒడ్డున ఉండగా, కెప్టెన్ టోపీ పెట్టుకుని 'ప్లాంటర్' అనే ఓడను బానిస యజమానుల సైన్యం కోటల ముందు నుంచే దాటించారు. భార్యాపిల్లలకు, తోటి బానిసలకు విముక్తి దొరికింది. తర్వాత ఆ యజమాని ఇంటినే ఆయన కొన్నారు.

1868లో రాష్ట్ర రాజ్యాంగ సభలో సభ్యుడిగా అందరికీ ఉచిత విద్య కోసం పట్టుబట్టారు. 1874లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. బానిసత్వ నిర్మూలనకు నిలబడిన అమెరికా ప్రజలకు ఫూలే తన 'గులాంగిరి'ని అంకితం చేసింది ఈ రోజుల్లోనే, 1873లో.

ఆ రాష్ట్ర జనాభాలో నల్లవారే ఎక్కువ. ఓటు స్వేచ్ఛగా పడితే పాత యజమానులకు అధికారం దక్కదు. అందుకే 1876లో ఎర్రచొక్కాల సాయుధ దళాలు ఊళ్ల మీద పడ్డాయి. జులైలో హాంబర్గ్‌లో పట్టుబడిన నల్లజాతి మిలీషియా సభ్యులను కాల్చి చంపాయి. సెప్టెంబర్‌లో ఎలెంటన్ పరిసరాల్లో పదుల సంఖ్యలో నల్లవారిని చంపాయి. ఎడ్జ్‌ఫీల్డ్ కౌంటీలో ఉన్న ఓటర్లకంటే పోలైన ఓట్లే ఎక్కువ!

అయినా నల్లవారు కదిలి వచ్చి ఓటేశారు. స్మాల్స్ మళ్లీ గెలిచారు. అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థి హేస్‌కు రాష్ట్రంలో 900 లోపు ఆధిక్యం వచ్చింది. వివాదం కాంగ్రెస్ నియమించిన కమిషన్ దాకా వెళ్లింది. రాష్ట్రానికున్న 7 ఎలక్టోరల్ ఓట్లూ హేస్‌కే దక్కాయి. దేశమంతటి లెక్కలో ఆయన 185-184తో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కారు.

ప్రాణాలకు తెగించి గెలిపించిన వాళ్లకు దక్కిందేమిటి? 1877 ఏప్రిల్‌లో హేస్ కొలంబియాలోని రాష్ట్ర శాసనసభ భవనం నుంచి కేంద్ర సైన్యాన్ని వెనక్కి పిలిచారు. ఎర్రచొక్కాల నాయకుడు హాంప్టన్ గవర్నర్ అయ్యారు. అదే ఏడాది స్మాల్స్‌పై లంచం కేసు నడిపి మూడేళ్ల శిక్ష వేశారు. ఎన్నికల నేరాలు చేసిన తెల్లవారిపై కేంద్రం పెట్టిన కేసుల ఎత్తివేతతో ముడిపెట్టి, 1879లో క్షమాభిక్ష ఇచ్చారు.

1895లో కొత్త రాష్ట్ర రాజ్యాంగం చదువు పరీక్ష, పన్ను నిబంధనలతో నల్లవారి ఓటును ఊడలాగింది. ఆ సభలో ఉన్న ఆరుగురు నల్లజాతి సభ్యుల్లో స్మాల్స్ ఒకరు. ఆయన దానిపై సంతకం చేయలేదు. 1915లో చనిపోయే నాటికి ఆ రాజ్యాంగమే అమల్లో ఉంది. నల్లవారి ఓటుకు మళ్లీ గట్టి కేంద్ర చట్టం రావడానికి 1965 దాకా పట్టింది.

ఓటు హక్కు కాగితం మీద ఉండటం, ఓటు వేశాక ఆ మనిషికి రక్షణ ఉండటం ఒకటి కావు. మన ఓట్లతో గెలిచిన పార్టీ మర్నాడు ఎవరితో బేరం కుదుర్చుకుంటోందో కనిపెట్టుకుని ఉండటం కూడా ఓటు హక్కు పోరాటంలో భాగమే.