మాటలు కూడబెట్టిన బ్రౌన్ దొర

రాత్రి స్టడీ అవర్ మొదలైతే హాస్టలంతా బట్టీ పట్టే గొంతులే. ఇంగ్లీషు వంతు వచ్చేసరికి మాత్రం ఆ గొంతులు తగ్గిపోయేవి. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఒక మాట అర్థం కాకపోతే ఇంటికి పోయి అడుగుదామన్నా చెప్పేవారు లేరు. మా చేతిలో ఉన్నదల్లా సీనియర్ అన్నలు విడిచిపోయిన, అట్ట ఊడిన డిక్షనరీ. అలాంటి పుస్తకాలకు దారి వేసిన మనిషి మన కడపలోనే ఉద్యోగం చేశారని తర్వాత తెలిసింది. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, చాలా భాషలు తెలిసినవారు. 1817లో మద్రాసు చేరిన బ్రౌన్ అక్కడ కంపెనీ కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దారు. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడిగా వచ్చారు. అప్పటికి ఆయన వయసు 21, ఇంచుమించు మా ఈడే.

పరీక్ష పాసై వచ్చినా కచేరీకి వచ్చే రైతుల మాట ఆయనకు అందలేదు. పుస్తకంలో తెలుగు వేరు, జనం నోట తెలుగు వేరు. ఆయన సిగ్గుపడి ఊరుకోలేదు, పండితులను అడిగారు, జనం మాట విన్నారు, విన్నది రాసుకున్నారు. కడపలో బంగళా కొని పండితులకు జీతాలిచ్చి పెట్టుకున్నారు. ఆ పనులన్నీ అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసుకునేవారు. ఒకే కావ్యానికి పది చోట్ల నుంచి తాళపత్రాలు తెప్పించి, పోల్చి, తప్పులు దిద్దించేవారు. వేమన పద్యాలను ఇంగ్లీషులోకి మార్చి 1829లో అచ్చువేయించారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించారు. వీటన్నిటి వల్ల అప్పులపాలయ్యారు.

1832-33లో గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు వచ్చింది. పైఅధికారులు దాన్ని కొరత అనే రాయమన్నారు. బ్రౌన్ తన రాతకోతల్లో కరువు అనే రాశారు. మాట విలువ తెలిసినవారు కనుకనే తప్పు మాట రాయలేకపోయారు. 1834లో ఆయన ఉద్యోగం పోయింది. లండన్ వెళ్లి అక్కడ ఖాళీగా కూర్చోక, ఇండియా హౌస్ లైబ్రరీలోని దక్షిణాది తాళపత్రాలకు జాబితా రాశారు. తిరిగి వచ్చాక 1840లో తెలుగు వ్యాకరణం, 1852 నుంచి నిఘంటువులు అచ్చయ్యాయి. కచేరీల్లో, బజార్లలో తెలుగుతో కలిసిపోయిన అరబ్బీ, ఫారసీ, ఇంగ్లీషు మాటలకు కూడా విడిగా ఒక నిఘంటువు చేశారు. చివరి రోజుల్లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు.

ఆయన నుంచి మేము నేర్చుకున్నది ఒకటి ఉంది. ఒక్కో మాటను విడిగా బట్టీ పడితే నిలవదు, వాక్యంలో పెట్టుకుంటే నిలుస్తుంది. బ్రౌన్ నిఘంటువులో మాట పక్కన అర్థమే కాదు, ప్రయోగం కూడా ఉంటుంది. రిమెంబర్, రిమైండ్ మాకు ఒకటిగానే ఉండేవి, పరీక్షలో తారుమారు చేసి మార్కులు పోగొట్టుకున్నాము. ఇప్పుడిలా రాసుకున్నాము: అమ్మ చెప్పిన మాట మనకు గుర్తుండటం రిమెంబర్. ఫీజు గడువును స్నేహితుడు మనకు గుర్తుచేయడం రిమైండ్. మరచిన జవాబును పరీక్ష హాల్లో తలచి తెచ్చుకోవడం రికాల్. చదివిన పాఠాన్ని మళ్లీ తిరగేయడం రివైజ్. ఇంగ్లీషువాళ్లు చదువును గుండెలో పెట్టుకుని బై హార్ట్ అంటారు, మనం గొంతులో పెట్టుకుని కంఠస్థం అంటాము. రెండుచోట్లా ఉండాలంటే అర్థం తెలియాలి.

పీజీలో మొదటి సెమినార్ రోజు మాకు నోట మాట రాలేదు. వెనక నవ్వులు వినబడ్డాయి. ఆ రాత్రి నుంచి రోజుకు ఐదు మాటలు, ఐదు వాక్యాలు రాశాము. ఏడాది తిరిగేసరికి అదే గదిలో నిలబడి మాట్లాడాము.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కడపలో ఆయన బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో బ్రౌన్ పేరిట గ్రంథాలయం లేచింది. వీలున్న ఆదివారం ఒకసారి వెళ్లి రండి. మన భాషను పరాయి దేశస్థుడు అడిగి అడిగి నేర్చుకున్నాడు. ఆయన భాషను అడిగి నేర్చుకోవడానికి మనకు సిగ్గెందుకు?