ఊరు మారినా ప్రశ్న మారలేదు

నాన్నకు బదిలీ అయిన ప్రతిసారీ మేము బడినీ స్నేహితులనూ వదిలి వెళ్తాం. చదువు చెదిరిపోతుందని మా భయం. పంచానన్ మహేశ్వరి గారి జీవితం తెలిశాక ధైర్యం వచ్చింది.

ఆయన 1904లో జైపూర్‌లో పుట్టారు. ఆగ్రా, అలహాబాద్, లక్నో, ఢాకాలలో పాఠాలు చెప్పి, 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చేరారు. ఎక్కడున్నా ఆయన ప్రశ్న ఒక్కటే: పువ్వులో విత్తనం, అందులో పిండం ఎలా తయారవుతాయి? 1950లో దీనిపై పెద్ద గ్రంథం రాశారు.

మామూలుగా పుప్పొడి కీలాగ్రం మీద పడి, దాని నుంచి సన్నని నాళం అండాశయంలోకి దిగి అండాన్ని చేరాలి. 1962లో ఆయనా, శిష్యులూ గసగసాల మొక్క అండాలను బయటికి తీసి, గాజు గొట్టంలోనే పుప్పొడితో కలిపి విత్తనాలు పుట్టించారు!

1966లో ఆయన కన్నుమూశారు. ఇకపై ప్రతి కొత్త ఊరికీ మేమూ మా ప్రశ్నలను వెంట తీసుకెళ్తాం.