కులపతి వేంకటరత్నం నాయుడుగారు

పదివేలమంది శిష్యులకు అన్నము పెట్టి చదువు చెప్పిన గురువునకు మన పూర్వులు కులపతి యని పేరిడిరి. చదువు చెప్పుట యొక్కటియే ఆ పేరునకు చాలదు. అన్నము పెట్టుటయు నందులో నున్నది. రఘుపతి వేంకటరత్నం నాయుడుగారిని ఆంధ్రదేశము కులపతి యని పిలుచుకొన్నది. 1925 మొదలు 1928 వఱకు వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగా నుండిరి. ఆ పదవిని తెలుగున ఉపకులపతి యందురు. సర్కారిచ్చిన పదవికంటె జనులిచ్చిన బిరుదము ఒక మెట్టు పైన నుండుట వింతయే.

నాయుడుగారు 1862 అక్టోబరు 1న మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడు సైన్యమున సుబేదారు. పటాలము వెంట కుటుంబమును ఊళ్లు మాఱుచుండుటచే బాలుని చదువు కొంతకాలము హైదరాబాదున సాగెను. ఉర్దూ, పారసీక భాషలు చిన్ననాడే అలవడెను. పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. అచట ప్రిన్సిపాలు విలియం మిల్లరు. స్కాట్లండునుండి వచ్చిన ఆ పండితుడు మిషనరీయే యైనను, శిష్యుని మతము మార్చుటకంటె మనస్సును మేల్కొల్పుట మేలని తలచినవాడు. నాయుడుగారు క్రైస్తవులు కాలేదు, బ్రహ్మసమాజమున చేరిరి. అయినను మిల్లరుగారిని గురువుగానే భావించిరి. గురువు నడచిన త్రోవను నడువకయే గురుభక్తి నిలుపుకొనవచ్చునని వారికి స్వానుభవమున తెలిసినది. తరువాతి కథకు ఈ సంగతి ముఖ్యము.

యౌవనముననే భార్య గతించెను. వారు మరల వివాహమాడలేదు. తెల్లని దుస్తులే ధరించుచు ఋషితుల్యముగ జీవించిరి. మద్రాసు పచ్చయప్ప కళాశాలలోను, బందరు నోబుల్ కళాశాలలోను బోధించి, సికింద్రాబాదు మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలైరి. అటుపిమ్మట కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు వచ్చి, 1919 వఱకు సుమారు పదునైదేండ్లు ప్రిన్సిపాలుగా నుండిరి. వారి జీవితమున ఫలవంతమైన కాలమిదియే.

ఆనాడు పల్లెనుండి కాకినాడ చేరిన పిల్లవానికి పాఠముకంటె ముందు కూటి చింత. బ్రాహ్మణ బాలుడైనచో ఏడిండ్లలో వారములు కుదుర్చుకొని చదువుకొనెడివాడు. తక్కినవారికి ఆ దారియు లేదు; హరిజన బాలునకు ఆ వీధిలో అడుగిడుటయే దుర్లభము. ఫీజు కట్టలేక, తిండి జరుగక చదువు మానినవాని తెలివి యెంతటిదో పరీక్షలు చెప్పలేవు. నాయుడుగారు ఈ మూలము నెఱిగినవారు. తమ జీతములో అత్యల్పము తమకుంచుకొని మిగిలినది బీదవిద్యార్థులకు వెచ్చించిరి. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారు వారికి శిష్యులు; ఆ ప్రభువు సాయమున కాకినాడలో అనాథశరణాలయమును, హరిజన విద్యార్థులకు వసతిగృహమును వెలసినవి. ఆడపిల్లలు మగపిల్లలతోపాటు కళాశాలలో కూర్చుండుట తెలుగునాట ఊహకందని దినములలో వారికి ఆ కళాశాల తలుపులు తెఱచిరి. ఇట్టి పనులకు ధనమొక్కటి చాలదు. లోకనింద నోర్చుకొను గుండెయు కావలెను.

వారు ఆంగ్లసాహిత్యమున దిట్ట, గొప్ప వక్త. జనులు వారిని అపర సోక్రటీసనిరి. శిష్యులకు వారి పాఠముకంటె నడవడియే ఎక్కువ పాఠమయ్యెను.

నీతివిషయమున నాయుడుగారిది కత్తిమీది నడక. మద్యపానమును, భోగముమేళములను తీవ్రముగ ఖండించిరి. వీరేశలింగము పంతులుగారి వలె ఆ దురాచారముపై పోరాడిరి. ఆ పోరాటము సదుద్దేశముతో కూడినదే. అయినను మేళములు మాన్పించిన పెద్దలు ఆ స్త్రీల జీవనోపాధిని గూర్చియు, వారి చేతనున్న కళను గూర్చియు తగినంత యోచించిరని చెప్పజాలము.

ఇంతటి కట్టుబాటుగల గురువు నీడన పెరిగినవారు అచ్చుపోసిన బొమ్మలు కావలసినది. కాలేదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆ కళాశాల విద్యార్థియే. నాయుడుగారి ప్రభావమున బ్రహ్మసమాజమున చేరి భక్తిగీతములు వ్రాసెను. ఆ కలముననే ప్రేమను, స్వేచ్ఛను, కన్నీటిని పాడి తెలుగు కవిత్వపు దిశ మార్చెను. గుడిపాటి వెంకటచలమును అచటనే చదివెను. కాకినాడలో బ్రహ్మసమాజపు గాలి సోకి ఆచారములను త్రోసివేసిన యువకుడతడు. గురువు చెప్పిన పవిత్రతను అతడు ఎదురు ప్రశ్నించెను. స్త్రీకి హృదయమున్నదని, దానికి స్వేచ్ఛ కావలెనని వ్రాసి సంఘమును కలతపెట్టెను. గురువునకు సమ్మతముకాని తీర్పే యిది. కాని ఆచారమును గ్రుడ్డిగ నమ్మవలదని తొలుత నేర్పినదెవరు? మిల్లరుగారి యెడ నాయుడుగారు చూపిన స్వాతంత్ర్యమునే, మఱింత దూరము సాగి, చలము చూపెననవచ్చును.

1924లో ప్రభుత్వము వారికి సర్ బిరుదమిచ్చెను. శాసనమండలిలో సభ్యత్వము, విశ్వవిద్యాలయమున అధికారము లభించినను వారి మనస్సు కాకినాడలోని పిల్లలమీదనే యుండెను. తాము చేరదీసిన అనాథలను, హరిజన బాలికలను కన్నబిడ్డలవలె పెంచిరి.

1939 మే 26న నాయుడుగారు కన్నుమూసిరి. అప్పటికి చలము ‘మైదానము’ వెలువడి పండ్రెండేండ్లు.