పేరులేని జీవికి ప్రాణం పోసిన నటుడు బోరిస్ కార్లోఫ్

1931 నవంబరులో అమెరికాలో విడుదలైన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రం మొదలవగానే నటీనటుల జాబితా తెరపైకి వస్తుంది. శాస్త్రవేత్త సృష్టించిన జీవి పాత్రకు ఎదురుగా నటుడి పేరు ఉండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం మాత్రమే కనిపిస్తుంది. ప్రేక్షకుల్లో ఉత్కంఠ రేపేందుకు యూనివర్సల్ స్టూడియో వేసిన ఎత్తు అది. చిత్రం ముగిశాక వచ్చే జాబితాలో గానీ బోరిస్ కార్లోఫ్ అన్న పేరు బయటపడదు. నిజానికి అది కూడా ఆయన అసలు పేరు కాదు. లండన్‌లో పుట్టిన విలియం హెన్రీ ప్రాట్ తనకు తాను పెట్టుకున్న రంగస్థల నామం. ఆ పేరు వెనుక ఒక వలస జీవితం, దానికి వెనుక భారతదేశంలో పాతుకున్న ఒక కుటుంబ చరిత్ర ఉన్నాయి.

సైన్స్ ఫిక్షన్ సినిమా ఇంకా పసిప్రాయంలో ఉన్న రోజుల్లో ఆయన పోషించిన ఆ మూగ పాత్ర ప్రపంచాన్ని భయపెట్టింది. అయితే భయపడాల్సిన పిల్లలే ఆ జీవి మీద జాలిపడ్డారు. ఉత్తరాలు రాశారు. తొమ్మిది దశాబ్దాలు దాటినా ఆ అభిమానం తరం నుంచి తరానికి అందుతూనే ఉంది.

సూరత్‌లో పెళ్లి, లండన్‌లో పుట్టుక

కార్లోఫ్ 1887 నవంబరు 23న దక్షిణ లండన్‌లో జన్మించారు. తొమ్మిది మంది సంతానంలో ఆయనే చివరివారు. తండ్రి ఎడ్వర్డ్ జాన్ ప్రాట్ బ్రిటిష్ ఇండియాలో ఉప్పు పన్నుల శాఖ అధికారిగా పనిచేశారు. తల్లి ఎలైజా సారా మిల్లర్డ్ భారతదేశంలోనే పుట్టారు. 1864లో వారి వివాహం జరిగింది గుజరాత్‌లోని సూరత్ నగరంలో. తల్లి తరఫు తాత జేమ్స్ మిల్లర్డ్ అదే ప్రాంతంలోని డీసాలో ఫిరంగి దళ సైనికుడు.

అమ్మమ్మ సోదరి ఆనా లియోనోవెన్స్ పేరు సినీ ప్రియులకు కొత్తది కాదు. సయాం రాజు మోంగ్‌కుట్ పిల్లలకు చదువు చెప్పిన ఆమె జీవితమే తరువాత ‘ది కింగ్ అండ్ ఐ’ సంగీత నాటకానికి, చిత్రానికి మూలమైంది. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో పుట్టిన ఆమె తాను వేల్స్‌లో జన్మించినట్లు లోకానికి చెప్పుకొన్నారు. భారతదేశంలోని బంధువులతో సంబంధాలు పూర్తిగా తెంచుకున్నారు. ఆ కుటుంబంలో భారతీయ రక్తం కలిసిందన్నది పరిశోధకుల అభిప్రాయం. ఆనాటి ఆంగ్ల సమాజంలో అలాంటి మూలాలు బయటపడితే ఉద్యోగాలు, పరపతి, పెళ్లి సంబంధాలు అన్నీ చిక్కుల్లో పడేవి. ఆమె దాచిన జన్మ వృత్తాంతం 1970వ దశకంలో గానీ వెలుగు చూడలేదు. అప్పటికి కార్లోఫ్ కన్నుమూసి కొన్నేళ్లు గడిచాయి. జీవించి ఉన్నంతకాలం అభిమానుల దృష్టిలో ఆయన మృదుభాషి అయిన ఒక ఇంగ్లిష్ పెద్దమనిషి.

బాల్యంలోనే తల్లిదండ్రుల అండ కరవవడంతో ఆయన తనకంటే ఎంతో పెద్దవారైన తోబుట్టువుల సంరక్షణలో ఎన్‌ఫీల్డ్‌లో పెరిగారు. నత్తిని కష్టపడి అదుపు చేసుకున్నారు గానీ కొన్ని అక్షరాలు పలకడంలో తడబాటు జీవితాంతం మిగిలిపోయింది. సోదరుల్లో పలువురు విదేశీ వ్యవహారాల్లో ఉద్యోగులు. వారిలో సర్ జాన్ ప్రాట్ చైనా వ్యవహారాల నిపుణుడిగా పేరుపొందారు. చివరి తమ్ముడూ అదే దారి పట్టాలని కుటుంబం ఆశించింది. విలియం లండన్ కింగ్స్ కాలేజీలో చేరారు గానీ మనసంతా నాటకాల మీదే. చిన్నతనంలో చర్చి వారు వేసిన సిండరెల్లా నాటికలో దెయ్యాల రాజు వేషం కట్టిన నాటి నుంచి ఆ మోజు ఆయనను వదల్లేదు.

లారీలు నడిపిన చేతులు

1909లో ఆయన ఓడెక్కి కెనడా చేరారు. పొలాల్లో కూలి పని చేశారు. 1911లో బ్రిటిష్ కొలంబియాలోని ఒక సంచార నాటక బృందంలో స్థానం దొరికింది. బోరిస్ కార్లోఫ్ అన్న పేరు అప్పటి నుంచే. నాటకాల వాడిగా తన వల్ల కుటుంబానికి తలవంపులు రాకూడదన్నది పేరు మార్పులోని ఒక ఉద్దేశం. ఆ బృందాల వెంట చిన్న చిన్న ఊళ్లు తిరిగారు. 1912 జూన్ 30న రెజీనా పట్టణాన్ని పెను సుడిగాలి నేలమట్టం చేసినప్పుడు అక్కడే ఉండి శిథిలాల తొలగింపులో పాల్గొన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి హాలీవుడ్ చేరిన ఆయనకు దక్కినవి గుంపులో కనిపించే వేషాలు, చిన్నాచితకా ప్రతినాయక పాత్రలు. ఆయన మేని ఛాయ కాస్త ముదురు. దాంతో అరబ్బు, మెక్సికన్, అమెరికా ఆదివాసీ, భారతీయుడు వంటి పాత్రలకే పిలిచేవారు. కిప్లింగ్ కథ ఆధారంగా 1921లో వచ్చిన ‘వితౌట్ బెనిఫిట్ ఆఫ్ క్లర్జీ’లో ఆయన అహ్మద్ ఖాన్. తన పూర్వీకులు కాపురమున్న దేశపు మనిషిగా అమెరికా స్టూడియోలో వేషం వేసి, ఆ బంధుత్వం గురించి ఎవరికీ తెలియకుండానే ఇంటికి వెళ్లిన నటుడు ఆయన. వేషాలు లేని రోజుల్లో లారీ నడిపారు, బస్తాలు మోశారు.

నాలుగు గంటల ముఖం

1931లో దర్శకుడు జేమ్స్ వేల్ స్టూడియో భోజనశాలలో ఆయన ముఖాకృతిని గమనించి పిలిపించారు. ‘డ్రాకులా’తో అప్పటికే తారగా వెలుగుతున్న బేలా లుగోసీ కాదనుకున్న పాత్ర అది. అప్పటికి కార్లోఫ్‌కు 43 ఏళ్లు. ఎనభై దాకా చిత్రాల్లో కనిపించినా ఆయన పేరు తెలిసినవారు అతి తక్కువ.

రూపశిల్పి జాక్ పియర్స్ రోజూ దాదాపు నాలుగు గంటలు శ్రమించి ఆ ముఖాన్ని తీర్చేవారు. దూది, జిగురు పొరలు పొరలుగా అతికి నుదుటిని ఎత్తుగా, చదునుగా మలిచారు. నలుపు తెలుపు ఫిల్మ్‌పై శవం రంగు రావడానికి ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు పూశారు. ఆ రూపంలో కార్లోఫ్ సొంత ఆలోచనలూ ఉన్నాయి. కళ్లు మరీ చురుగ్గా, తెలివిగా కనిపిస్తున్నాయని భావించి రెప్పలపై మైనం పెట్టించుకున్నారు. నోట్లోని కట్టుడు పళ్లు తీసేసి ఒక దవడ లోపలికి పోయేలా చేశారు. ఇక కాళ్లకు మోయలేనంత బరువైన బూట్లు, ఒంటిపై ఆగస్టు ఎండల్లో దళసరి దుస్తులు.

ఇంత సరంజామా వెనుక నుంచి ఆయన చూపించింది క్రౌర్యం కాదు, అయోమయం. చీకటి గదిలో పెరిగిన జీవి మీద పైకప్పు తెరిచి తొలిసారి వెలుతురు పడనిచ్చే సన్నివేశం ఒకటుంది. ఆ జీవి లేచి నిలబడి, కాంతిని పట్టుకోవాలన్నట్టు రెండు చేతులూ పైకెత్తుతుంది. కప్పు మూసేస్తారు. ఆ చేతులు తనను సృష్టించిన వాడి వైపు యాచిస్తున్నట్టు తిరుగుతాయి. మాట అన్నది లేకుండా ఒక పసిబిడ్డ ఆశ, నిరాశ రెండూ ఆ కొన్ని క్షణాల్లో తెరపైకి వచ్చాయి.

తెలుగు పత్రికల్లో ఫ్రాంకెన్‌స్టైన్ అనగానే భస్మాసురుడు గుర్తుకొస్తాడు. వరమిచ్చిన వాడి నెత్తినే చేయి పెట్టబోయిన రాక్షసుడితో పోలిక అది. మేరీ షెల్లీ 1818 నాటి నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది శాస్త్రవేత్త పేరు. ఆయన సృష్టించిన జీవికి అసలు పేరే లేదు. కార్లోఫ్ నటన చూసిన వారికి మాత్రం భస్మాసురుడి కంటే, పుట్టగానే కన్నతల్లి నీట వదిలేసిన కర్ణుడే దగ్గరివాడనిపిస్తాడు.

సరస్సు ఒడ్డున పాప

ఆ చిత్రంలో వివాదమైన సన్నివేశం సరస్సు ఒడ్డున చిన్నారితో ఆట. పాప భయపడకుండా ఆ జీవి చేతికి పువ్వులు ఇస్తుంది. ఇద్దరూ వాటిని నీటిలో వేసి తేలుతుంటే చూసి మురిసిపోతారు. పువ్వులు అయిపోగానే పాప కూడా తేలుతుందనుకొని ఆ జీవి ఆమెను నీటిలో వేస్తుంది. పాప మునిగిపోతుంది. చిత్రీకరణ సమయంలోనే కార్లోఫ్ ఈ ముగింపును వ్యతిరేకించినా దర్శకుడు అంగీకరించలేదు. సెన్సారు కత్తెర పడి ఆ భాగం చాలాచోట్ల తొలగిపోయింది. ఏం జరిగిందో చూపకపోవడంతో ప్రేక్షకులు మరింత ఘోరాన్ని ఊహించుకున్నారు. 1980వ దశకంలో గానీ ఆ దృశ్యం తిరిగి చిత్రంలో చేరలేదు. ఆ వేషంలో ఉన్న కార్లోఫ్‌ను చూసి బాలనటి మారిలిన్ హారిస్ ఏమాత్రం జంకలేదని, ఆయన చేయి పట్టుకొని చిత్రీకరణ స్థలానికి వెళ్లిందని సినీ చరిత్రకారులు చెబుతారు.

థియేటర్లలోని పిల్లలదీ అదే దృష్టి. ఆ జీవికి అన్యాయం జరిగిందని, దాని మీద తమకు కోపం లేదని వారు రాసిన ఉత్తరాలను కార్లోఫ్ జీవితాంతం తన వృత్తిలో దక్కిన గొప్ప గౌరవంగా చెప్పుకొన్నారు. 1935లో వచ్చిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో ఆ జీవికి మాటలు పెట్టడం ఆయనకు నచ్చలేదు. మూగతనమే దాని బలమని నమ్మారు. 1939లో మూడోసారి ఆ పాత్ర పోషించాక చలనచిత్రాల్లో దానికి స్వస్తి చెప్పారు. ఇక మీదట అది నవ్వులపాలు అవుతుందని ముందే పసిగట్టారు. ఆ మూడో చిత్రం షూటింగ్ సాగుతుండగానే, సరిగ్గా ఆయన 51వ పుట్టినరోజున, కుమార్తె సారా జన్మించింది.

తెర మీది జాలి ఆయన పాత్రలన్నిటికీ వర్తించదు. 1932 నాటి ‘ది మాస్క్ ఆఫ్ ఫు మాంచు’లో ఆయన వేసిన చైనా దుష్టుడి పాత్ర ఆసియా ప్రజలను అవమానించే మూసలోనిదే. ఆ చిత్రంపై అమెరికాలోని చైనా దౌత్య కార్యాలయం అభ్యంతరం తెలిపింది. భారతదేశంలో వేళ్లున్న కుటుంబం నుంచి వచ్చిన నటుడే ఆ వేషం కట్టడం ఆయన జీవితంలోని ఒక వైరుధ్యం.

నటుల సంఘంలో సభ్యుడు

‘ఫ్రాంకెన్‌స్టైన్’ షూటింగ్ రోజులు తెల్లవారుజామున మేకప్‌తో మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగేవి. పతాక సన్నివేశంలో శాస్త్రవేత్త పాత్రధారిని భుజాన వేసుకొని కొండ మీది గాలిమర వైపు పదేపదే ఎక్కాల్సి వచ్చింది. ఆనాడు వెన్నుకు తగిలిన దెబ్బ జీవితాంతం వేధించింది. ఇంతా చేసి ప్రత్యేక తొలి ప్రదర్శనకు స్టూడియో ఆయనను ఆహ్వానించనే లేదు.

పని గంటలకు హద్దు లేని ఆ అనుభవం ఆయనను నటుల సంఘం వైపు నడిపించింది. 1933లో స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్‌ను స్థాపించిన వారిలో ఆయన ఒకరు. సభ్యత్వ సంఖ్య 9. సంఘంలో చేరినట్లు తెలిస్తే వేషాలు పోతాయన్న భయం పరిశ్రమను ఆవరించిన రోజులవి. లారీ డ్రైవరుగా బతుకు వెళ్లదీసి నలభై దాటాక దక్కిన పేరును ఆయన అలా పణంగా పెట్టారు. హాలీవుడ్ క్రికెట్ క్లబ్ మైదానంలో తోటి ఇంగ్లిష్ నటులతో ఆడటం ఆయనకు మరో ఇష్టం.

1933లోనే దాదాపు పాతికేళ్ల తరువాత ఇంగ్లండ్‌లో అడుగుపెట్టారు. తన వృత్తిని సోదరులు చిన్నచూపు చూస్తారని బెరుకుగానే ఉన్నారు. తీరా పత్రికల వారు ఫొటో తీయబోతే, ఎవరు ఎక్కడ నిలబడాలన్న దానిపై ఆ పెద్ద అధికారులే పోటీ పడ్డారు.

టీవీ తెచ్చిన కొత్త తరం

1941లో బ్రాడ్‌వేపై ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ నాటకంలో, ముఖం బోరిస్ కార్లోఫ్‌లా ఉందని అంటే మండిపడే హంతకుడిగా ఆయనే నటించి జనాన్ని నవ్వించారు. 1950లో ‘పీటర్ పాన్’ నాటకంలో కెప్టెన్ హుక్‌గా పిల్లలను అలరించారు.

1957లో యూనివర్సల్ పాత చిత్రాలు గుత్తగా అమెరికా టీవీ చానళ్లకు చేరడంతో కథ మళ్లీ మొదలైంది. తల్లిదండ్రులు థియేటర్లో చూసిన జీవిని పిల్లలు ఇంట్లో అర్ధరాత్రి దాకా మేలుకొని చూశారు. మరుసటి ఏడాది ఫారెస్ట్ అకర్‌మన్ సంపాదకత్వంలో మొదలైన ‘ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్’ పత్రిక ఆ పిల్లలను ఒక్కచోటికి చేర్చింది. ఒంటరిగా ఇష్టపడ్డ నటుడిని తమలాంటి వేలమంది ఇష్టపడుతున్నారని వారికి తెలిసింది. ఏడు పదులు దాటిన కార్లోఫ్ ఆ ఆదరణకు ఆశ్చర్యపోతూనే కృతజ్ఞత చూపారు. 1966లో టీవీ కార్టూన్ చిత్రం ‘హౌ ద గ్రించ్ స్టోల్ క్రిస్మస్’కు ఆయన ఇచ్చిన గాత్రం గ్రామీ పురస్కారం తెచ్చింది.

అభిమానుల్లో కొందరు దర్శకులయ్యారు. పీటర్ బొగ్డనోవిచ్ 1968లో ‘టార్గెట్స్’ తీసి, వయసుడిగిన భయానక చిత్రాల నటుడి పాత్రను ఆయనకే ఇచ్చారు. స్పెయిన్ దర్శకుడు విక్టర్ ఎరీసే 1973 నాటి చిత్రం ‘ది స్పిరిట్ ఆఫ్ ది బీహైవ్’లో, పల్లెకు వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చూసిన ఆనా అనే పాప ఆ జీవి కోసం వెతుక్కుంటూ తిరుగుతుంది. మెక్సికో దర్శకుడు గిల్లెర్మో దెల్ తోరో చిన్నతనంలో కార్లోఫ్‌ను తెరపై చూసిన నాటి నుంచి ఆ కథను వదలలేదు. 2025లో తన సొంత ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను ప్రేక్షకుల ముందుకు తెచ్చారు.

ఊపిరి చాలకున్నా

చివరి ఏళ్లలో ఊపిరితిత్తుల వ్యాధి, కీళ్ల నొప్పులు ఆయనను కుంగదీశాయి. చక్రాల కుర్చీలో కూర్చొని, షాట్ల మధ్య ఆక్సిజన్ పీలుస్తూ నటించారు. పని మానేయమన్న సలహాలు చెవికెక్కలేదు. 1969 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్‌లోని మిడ్‌హర్స్ట్ ఆసుపత్రిలో 81వ ఏట కన్నుమూశారు. దశాబ్దాలు అమెరికాలో గడిపినా చివరిదాకా బ్రిటన్ పౌరుడిగానే ఉన్నారు. ఆయన నటించిన కొన్ని చిత్రాలు మరణానంతరం కూడా విడుదలయ్యాయి. లండన్ కోవెంట్ గార్డెన్‌లో నటుల చర్చిగా పేరున్న సెయింట్ పాల్స్‌లో ఆయన స్మారక ఫలకం ఉంది.

1997లో అమెరికా తపాలా శాఖ తెర మీది వింతజీవులపై అయిదు స్టాంపులు విడుదల చేసింది. అందులో రెండింటిపై ఉన్నది కార్లోఫే. ఒకదానిపై మమ్మీ, మరోదానిపై ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన జీవి. 1931లో ఆ జీవి పాత్రధారి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టిన దేశంలోనే, ఆ ముఖం ఉత్తరాల మీద ఇంటింటికీ చేరింది.