తూటాలకు లెక్క చెప్పిన వేటగాడు - జిమ్ కార్బెట్

హిమాలయముల దిగువ కుమావూ సీమలో నైనిటాల్ అను కొండపట్టణము కలదు. ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25వ తేదీన అచ్చట జన్మించెను. జిమ్ అనునది ముద్దుపేరు. లోకమునను అదియే నిలిచినది. తండ్రి క్రిస్టఫర్ ఆ యూరి పోస్టుమాస్టరు. వేసవి నైనిటాలులోను, చలికాలము కొండక్రింది కాలాఢుంగీ గ్రామములోను ఆ కుటుంబము గడపుచుండెను. కాలాఢుంగీలో ఇల్లు దాటినచో అడవియే. 1881లో తండ్రి మరణించునప్పటికి జిమ్ముకు ఆరేండ్లు నిండలేదు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. అట్టి యింట తుపాకిమందు నేతివలె పొదుపుగా వాడవలసిన వస్తువు. నరభక్షకములైన పులులను వెదకి చంపి జగత్ప్రసిద్ధి గాంచిన యీ పురుషుని వేటవిద్యకు మూలము ఆ లేమియే యనుట అతిశయోక్తి కాదు.

బాల్యమున అతనికి దొరకిన మొదటి తుపాకి మూతివైపునుండి మందు దట్టించు జంటగొట్టముల పాత తుపాకి. ఎవరో మితిమీరి మందు పోసి పేల్చుటచే దాని కుడిగొట్టము ఆరంగుళముల మేర చీలియుండెను. గొట్టములును, కొయ్యమడమయు విడిపోకుండ ఇత్తడితీగతో చుట్టి కట్టిరి. మిగిలిన యెడమగొట్టమే బాలునికి ఆధారము. ఒకమారు పేల్చినచో మరల మందు పోసి, కడ్డీతో దట్టించి, గుండ్లు వేసి, టోపీ తగిలించునంతలో అడవికోడి యొక కొండ దాటిపోవును. కావున గురి కుదరనిదే మీట నొక్కరాదని అతనికి బోధింపవలసిన పని లేకపోయెను. ఆ రోజులలోనే యొకనాడు అడవికోళ్ల కొరకు పొంచి పొంచి రేగుపొద చేరగా, ఆవలిప్రక్కనుండి పెద్దపులి వెడలి, వెనుదిరిగి బాలుని తేరిపార జూచి, తన దారిని తాను పోయెను. పులి అకారణముగా మనుష్యుని జోలికి రాదని ఆయన జీవితాంతము వాదించుటకు ఆనాటి చూపే బీజము.

పదేండ్ల ప్రాయమున నైనిటాల్ బడిపిల్లల వాలంటీరు దళమున కార్బెట్ చేరెను. ఆ దళమువారి చేతి కిచ్చినవి 450 బోరు మార్టినీ తుపాకులు. బ్రిటిషు సైన్యము 1871లో స్వీకరించిన తుపాకి యిది. క్రిందిమీటను లాగి ఒక్కొక్క తూటాను చేతితో పెట్టి పేల్చవలెను. తన్ను చాల బలమైనది, చిన్నవాని భుజము కందిపోవును. దళపు సార్జెంటు మేజరు బాలుని శ్రద్ధకు మెచ్చి, సెలవులలో వాడుకొనుటకై ఒక మార్టినీని, కావలసినన్ని తూటాలను ఎరువిచ్చెను. నియమములు రెండే: తుపాకిని శుభ్రముగా నుంచవలెను, పేలిన తూటాల ఖాళీగొట్టములను తిరిగి అప్పగింపవలెను.

ఈ రెండవ నియమము తెలియనివారికి వింతగా తోచవచ్చును. తూటా యనగా ఇత్తడిగొట్టము, దాని యడుగున టోపీ, లోపల మందు, మూతియందు గుండు. పేలిన పిమ్మట టోపీ చితుకును, మందు కాలిపోవును, గుండు వెడలిపోవును. ఇత్తడిగొట్టము మాత్రము చేత మిగులును. దాని వెలయే యెక్కువ. శుభ్రపరచి, క్రొత్త టోపీని, కొలిచిన మందును, గుండును చేర్చినచో దృఢమైన గొట్టము మరల తూటా యగును. తక్కువ వ్యయముతో వేటాడువారు నేటికిని పాత సైనికపు తుపాకులకు ఈ విధముగనే తూటాలు నింపుకొందురు. అయితే అది ఏమరుపాటును సహించు పని కాదు. మార్టినీ వంటివి నల్లమందు ఒత్తిడికి తగినట్లు చేయబడినవి. తరువాత వచ్చిన పొగలేని మందు శక్తి వేరు. నల్లమందు కొలతనే దానికిని వాడినచో తుపాకియు నిలువదు, పేల్చువాని కన్నులును దక్కవు. చీలిన గొట్టముతో వేట నేర్చిన కార్బెట్టుకు ఈ సత్యము చెప్పనక్కరలేదు. ఖాళీగొట్టములను లెక్క యొప్పజెప్పవలసిన ఆ మార్టినీతోనే ఆయన మొట్టమొదటి చిరుతను కొట్టెను.

చదువు ముగియగానే రైల్వేలో కొలువు. పిదప గంగాతీరమున మొకామా ఘాట్ వద్ద సరకుల నొక బండినుండి వేరొక బండికి మార్పించు కంట్రాక్టు చేయుచు రెండు దశాబ్దములు గడపెను. నరభక్షకముల వేట ఆయనకు వృత్తి కాదు; సెలవులలో, ప్రజల మొర విని చేసిన పని.

అందు మొదటిది 1907 నాటి చంపావత్ ఆడుపులి. నేపాళమునను కుమావూలోను అది 436 మందిని పొట్టబెట్టుకొన్నదని లెక్క. 298 మంది గ్రామస్థులు కొండయంచున నిలిచి డప్పులతో, కేకలతో పులిని తరుమగా కార్బెట్ లోయలో కాచియుండెను. తెచ్చుకొన్న తూటాలు మూడే. మూడును ఖర్చయ్యెను. గాయపడిన పులి యెదుట బండపై నిలిచియున్నది. ఆయన పరుగున పోయి తహసీల్దారు చేతిలోని పాత తుపాకిని లాగుకొని తిరిగి వచ్చి, ఇరువది యడుగుల దూరమున గురిపెట్టబోవుచు చూడగా, గొట్టములకును వెనుక మూతకును నడుమ అంగుళములో మూడవవంతుకు మించిన సందు! పేల్చినచో మందుసెగ ఎటు తన్నునో తెలియదు. అయినను పేల్చెను. నోటికి పెట్టిన గురి పాదమునకు తగిలెను. ముందుతగిలిన గాయములచే ప్రాణము కడపటనున్న పులి ఆ దెబ్బకు తల వాల్చెను.

చచ్చిన పులి నోరు విప్పి చూచినప్పుడు అసలు సంగతి బయటపడెను. కుడివైపు కోరలు రెండును విరిగియున్నవి. పైది సగమునకు, క్రిందిది మొదలంట. ఏనాడో ఎవరో కొట్టిన తుపాకిదెబ్బ ఫలితమది. సహజమైన వేట చేజారుటచేతనే అది మనుష్యులపై బడెనని కార్బెట్ నిశ్చయించెను. ఒక చెడ్డగురి విలువ ఎంతయో కుమావూ పల్లెలు కట్టిన లెక్క చెప్పుచున్నది.

ఆ సాహసమునకు మెచ్చి సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నరు హ్యూయెట్ ఆయనకు రిగ్బీ కంపెనీవారి 275 బోరు రైఫిలును బహూకరించెను. పేరు ఇంగ్లీషుదైనను తూటా మాత్రము జర్మనీ దేశపు మౌజర్ చేసిన 7 మిల్లీమీటర్ల సైనికపు తూటాయే. 1893లో స్పెయిన్ సైన్యము చేపట్టినది, 1899లో మొదలైన బోయర్ యుద్ధమున ఇంగ్లీషువారి పైననే పేలినది. యుద్ధపు తూటా వేటకు మారుటయే కాదు, వేట తూటా యుద్ధమునకు మారునను భయమును ఆ కాలమున కలదు. 1907 ప్రాంతమున ప్రభుత్వము 450 బోరు తూటాలు భారతదేశమునకు రాకుండ నిషేధించెను. వానిలోని గుండ్లు తిరుగుబాటుదారుల చేతులలోని పాత మార్టినీలకు సరిపడునని శంక. కార్బెట్ వాడిన జెఫరీ కంపెనీ జంటగొట్టముల 450/400 రైఫిలులో తూటా మెడను నొక్కి 400 గుండు నమర్చుటచే దానికి ఆ చిక్కు లేదు.

రుద్రప్రయాగ చిరుతను కొట్టినది 275 రైఫిలుతోనే. బదరీ కేదారములకు పోవు తెలుగు యాత్రికులు నేటికిని ఆ సంగమము మీదుగనే పోవుదురు. 1918 మొదలు ఎనిమిదేండ్లు ఆ చిరుత 125 మందిని చంపగా, రాత్రులు యాత్రికులు తలుపులు తీయుటకు వెరచిరి. కార్బెట్ గులాబ్‌రాయ్ వద్ద మామిడిచెట్టుపై పదిరాత్రులు వృథాగా కాచి, పదునొకండవ రాత్రి, 1926 మే 2న, క్రింద కట్టిన మేక గంట మ్రోగగనే బ్యాటరీ దీపము వెలిగించి ఒక్కతూటా పేల్చెను. దీపము ఆరిపోయెను. తగిలినదో లేదో తెల్లవారువరకు తెలియలేదు. తగిలినది.

మొదటి ప్రపంచయుద్ధమున 1917లో 500 మంది కుమావూ కూలీలను ఫ్రాన్సునకు తీసికొనిపోయెను. 1915లో కొన్న ఛోటీ హల్ద్వానీ గ్రామమున రైతులను నిలిపి, అడవిపందులు పైరు పాడుచేయకుండ ఊరి చుట్టును గోడ కట్టించెను. క్రమముగా వినోదపు వేటపై ఆయనకు విరక్తి కలిగి, తుపాకి స్థానమున చలనచిత్రపు కెమెరా చేరెను. అడవిలో పొంచి కూర్చుండి ఏడు పులులను అరువదియడుగుల లోపున చిత్రించుటకు నాలుగు మాసములు పట్టెను. తుపాకితో కొట్టుటకంటె అది కష్టమని ఎరిగినవారందురు. అడవి రక్షణకై ఆయన పడిన పాటు 1936లో ఏర్పడిన హెయిలీ నేషనల్ పార్కునకు తోడ్పడెను. మరణానంతరము దానికి ఆయన పేరే పెట్టిరి. అయినను మనుష్యులను తినుచున్న పులి పేరు వినబడినచో అరువది మూడేండ్ల వయస్సున, 1938లో సైతము, థాక్ గ్రామమునకు నడచిపోయెను.

1944లో బొంబాయి ఆక్స్‌ఫర్డు ముద్రణాలయము ప్రకటించిన కుమావూ నరభక్షకముల గ్రంథమే ఆయనను గ్రంథాలయముల యందు చిరంజీవిని చేసినది. మొదటి ముద్రణ రాబడిని యుద్ధమున చూపు కోల్పోయిన భారతసైనికుల సంస్థకు ఇచ్చివేసెను. 1947లో సోదరి మ్యాగీతో కెన్యా దేశమునకు తరలి, 1955 ఏప్రిల్ 19న న్యేరి పట్టణమున కన్నుమూసెను. కాలాఢుంగీ ఇల్లు ఇప్పుడు మ్యూజియము. 275 రైఫిలు గ్రంథప్రకాశకుల వద్దకు చేరి, చిరకాలము వారియొద్దనే యుండి, 2015లో దానిని తయారుచేసిన రిగ్బీ కంపెనీవారి చేతికే తిరిగి పోయెను.