రాతి బంగళా కట్టించిన కలెక్టరు

విహారయాత్ర అనగానే మన విద్యార్థుల నోట మొదట వచ్చే పేరు ఊటీ. అక్కడి సరస్సును, పూలతోటలను చూచి వచ్చేవారు అనేకులు. ‘స్టోన్ హౌస్’ అనే రాతి బంగళాను చూచివచ్చేవారు బహు తక్కువ. ఉదకమండలంలో తెల్లవారు నిర్మించిన మొట్టమొదటి భవనమది. 1955లో స్థాపితమైన ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు అదే నెలవు కావడం మనబోటి అధ్యాపకులకు సంతోషం కలిగించే విషయం. దానిని కట్టించినవాడు జాన్ సల్లివన్.

1788లో లండనులో జన్మించిన సల్లివన్ నూనూగు మీసాల వయస్సులోనే ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి మద్రాసుకు వచ్చాడు. 1815లో కోయంబత్తూరు కలెక్టరయ్యాడు. 1799లో శ్రీరంగపట్టణంలో టిప్పు సుల్తాను వీరమరణం పొందిన పిమ్మట కంపెనీ వశమైన సీమ అది. దాని అంచుననే నీలగిరులున్నా, తెల్లవారికి వాటిని గూర్చి తెలిసినది అత్యల్పం. 1818లో సల్లివన్ సహాయోద్యోగులు విష్, కిండర్‌స్లీ కొండలెక్కి చూచివచ్చి అక్కడి చల్లదనాన్ని వర్ణించారు. 1819 జనవరిలో కలెక్టరే స్వయంగా పయనమయ్యాడు. కోటగిరి సమీపాన మొదట ఒక నివాసం ఏర్పరచుకొని, కొండపైకి బాట వేయించే పని చేపట్టాడు.

రాతి బంగళా నిర్మాణం 1822లో ఆరంభమైంది. ఆ స్థలంలో అంతకుముందు తోడాల పల్లె ఉండేది. తోడాలు ఎనుములను మేపుకొని జీవించే గిరిజనులు. వారి పల్లెకు ఇంగ్లీషువారి వ్రాతలలో కనిపించే ‘మండ్’ అనే పేరు వింటే మన తెలుగు ‘మంద’ స్ఫురించక మానదు. సల్లివన్ వారికి ఎకరాకు రూపాయి చొప్పున ఇచ్చి భూమి తీసుకున్నాడని చెబుతారు. 1823 - 25 మధ్య సెలయేళ్ళకు అడ్డుకట్ట వేయించి సరస్సు త్రవ్వించాడు. నేడు పడవ షికారుకు పేరుపడిన ఆ సరస్సును ఆయన తలపెట్టినది సేద్యపు నీటికోసం. బంగాళాదుంపను, బార్లీని, సీమ కూరగాయలను ఆ నేలలో పండించి చూపినవాడూ ఆయనే.

సల్లివన్‌ను తక్కిన దొరలనుండి వేరుచేసేది ఈ తోటలూ చెరువులూ కాదు. కొండభూములపై సంపూర్ణ హక్కు తోడాలదేననీ, వారి సమ్మతి లేకుండా, మూల్యం చెల్లించకుండా ప్రభుత్వమైనా వాటిని తీసుకోరాదనీ ఆయన వాదించాడు. గవర్నరు లషింగ్టన్‌కు ఈ వాదం రుచించలేదు. అయితే నిష్పక్షపాతంగా ఒక మాట చెప్పక తప్పదు. ఆ కాలంలో ఉదకమండలంలో తక్కిన తెల్లవారందరికంటె అధికంగా భూమి సంపాదించినవాడు కూడా సల్లివనే. తోడాల హక్కును ఎలుగెత్తి చాటినవాని ఇల్లే తోడాల పల్లె ఉన్నచోట లేచింది. ఆయన వాదంలో న్యాయబుద్ధి ఎంత, స్వప్రయోజనం ఎంత అని ప్రత్యర్థులు ప్రశ్నించారంటే ఆశ్చర్యం లేదు. ఐనా ఆ వాదమే లేకున్నచో తోడాల పక్షాన మాట్లాడే అధికారియే లేకపోయేవాడని నా అభిప్రాయం.

1828లో ఊరు సైనికాధికారి అజమాయిషీ క్రిందికి పోయింది. 1830లో నీలగిరులలో అధికభాగాన్ని కోయంబత్తూరు నుండి విడదీసి మలబారు జిల్లాలో కలిపారు. సల్లివన్ కలెక్టరు పదవీ ఆ ఏడే ముగిసింది. తరువాత ఆయన మద్రాసులో ఉన్నత పదవులు నిర్వహించినా, 1838లో తీరని దుఃఖం పాలయ్యాడు. భార్య హెన్రియెట్టా ముప్పదియారేండ్ల ప్రాయంలో మరణించింది. కుమార్తె హారియెట్ కూడా ఆమెతోపాటే ఊటీలోని సెయింట్ స్టీఫెన్స్ చర్చి శ్మశానవాటికలో విశ్రమించింది. ఆ చర్చి దూలాలు శ్రీరంగపట్టణంలోని టిప్పు సుల్తాను లాల్‌బాగ్ మహలు కూల్చి తెచ్చిన కలప అన్న సంగతి అక్కడికి వెళ్ళే మన విద్యార్థులు తెలిసికొనదగినది.

1841లో ఉద్యోగం చాలించి సల్లివన్ స్వదేశం చేరాడు. ఆయన వెళ్ళిన తరువాత ఊటీ మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. కడప, కర్నూలు, గుంటూరు జిల్లాల కాగితాలు సైతం వేసవిలో ఆ కొండలకే వెళ్ళేవి. ఇంగ్లండులో సల్లివన్ ఊరకుండలేదు. స్వదేశీ సంస్థానాలను కబళిస్తున్న కంపెనీ విధానాన్ని ఖండిస్తూ, సంధి పత్రాలను గౌరవించాలని కోరుతూ 1853లో ఒక గ్రంథం ప్రకటించాడు. డల్హౌసీ వినలేదు, మరుసటి యేడే ఝాన్సీని కలిపివేసుకున్నాడు. సల్లివన్ 1855 జనవరిలో మరణించాడు. ఆయన సమాధి ఇంగ్లండులో స్లౌ పట్టణం చెంత, అప్టన్ గ్రామపు చర్చి ఆవరణలో ఉన్నది.