చదరంగ ప్రవీణుడు మీర్ సుల్తాన్ ఖాన్

అవిభక్త పంజాబులోని మీఠా తివానా గ్రామంలో జన్మించిన మీర్ సుల్తాన్ ఖాన్ తొమ్మిదవ ఏట తండ్రి వద్ద చదరంగం నేర్చుకున్నాడు. అది దేశవాళీ ఆట. అందులో బంటు మొదటి ఎత్తునైనా ఒక్క గడి మాత్రమే కదులుతుంది. మన పల్లె అరుగుల మీద పెద్దలు ఆడినదీ ఇంచుమించు ఇట్టిదే. భూస్వామి సర్ ఉమర్ హయాత్ ఖాన్ అతనిని చేరదీసి పాశ్చాత్య పద్ధతి నేర్పించాడు. 1928లో అఖిల భారత విజేతయై, మరుసటి ఏడు తన పోషకుని వెంట లండను చేరాడు.

అక్కడ అతని అభ్యాసం కొరకే ఏర్పాటైన పోటీలో అట్టడుగున నిలిచాడు! ఆట ప్రారంభపు ఎత్తుగడలపై ఐరోపాలో పెరిగిన శాస్త్రం అతనికి కొత్త. ఆ పోటీలో తనను మించిన వింటర్, యేట్సుల వద్దనే సాధన చేశాడు. అదే వేసవిలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లలో మరల గెలిచాడు. ప్రారంభంలో వెనుకబడినా, మధ్యదశలో ఓర్పుతోను, చివరి దశలో నిశితమైన లెక్కతోను ఆ లోటు పూడ్చుకొనేవాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకాను ఓడించినది ఆ ఓర్పే. ఆ ఆట 65 ఎత్తులు సాగింది. ఇంగ్లండు చలికి, మలేరియాకు తరచు జబ్బుపడుతూనే ఆడాడు.

1933 చివర పోషకుడు స్వదేశానికి మరలగా అతడూ మరలాడు. ఆ విజయాలన్నీ ఐదేళ్ళయినా నిండని కాలంలోనివని తలచినప్పుడు మనస్సు చివుక్కుమంటుంది. 1935లో ఖాడిల్కర్‌తో పది ఆటలాడి తొమ్మిది గెలిచాడు, ఒకటి సమమైంది. పిమ్మట పొలం పనులలో గడిపి, 1966లో సర్గోధాలో కన్నుమూశాడు. గ్రాండ్‌మాస్టర్ గౌరవ బిరుదును అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 2024లో ప్రకటించింది.